ఫిర్యాదు కాగితం: స్టేషన్‌కి వెళ్లేముందు ఎలా రాసుకోవాలి

నేను హైదరాబాద్ సిటీ పోలీసులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం స్టేషన్ రైటర్‌గానే గడిచింది. ఇన్‌స్పెక్టర్లు వస్తారు, బదిలీ మీద వెళ్తారు. జనరల్ డైరీ, ఎఫ్‌ఐఆర్‌లు, కేసు ఫైళ్లు మాత్రం రైటర్ బల్ల దగ్గరే ఉంటాయి. ఇప్పుడు అంబర్‌పేటలో మా గల్లీవాళ్లు సాయంత్రం పూట తెల్లకాగితం పట్టుకుని వస్తుంటారు, "సారూ, జర ఒక ఫిర్యాదు రాసియ్యరాదూ" అని. నేను రాసివ్వను. పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లచేతే రాయిస్తాను. రాయడం రానివాళ్లయితే వాళ్ల మాట వాళ్లు చెప్పినట్టే రాసి, మళ్లీ చదివి వినిపిస్తాను. నేరం జరిగిన మనిషి నోటి నుంచి వచ్చిన మాటకున్న బలం ఇంకెవరు రాసినా రాదు.

నేరం, పోలీసు, శిక్ష అనగానే జనానికి లాఠీ, బేడీలు, చంచల్‌గూడ జైలు గోడ గుర్తొస్తాయి. అవన్నీ తర్వాతి సంగతి. ముందు ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితంలో ఏముందో దాన్నిబట్టే దర్యాప్తు ఎటు పోవాలో, ఎవరిని వెతకాలో, ఏళ్ల తర్వాత కోర్టులో మీ మాట నిలుస్తుందో లేదో తేలుతుంది.

నాంపల్లి క్రిమినల్ కోర్టులో ఎన్నోసార్లు చూసిన తంతు ఒకటి చెప్తాను. దోపిడీ కేసు. బాధితురాలు బోనులో నిలబడి, మెడ మీద కత్తి పెట్టాడని చెప్తుంది. ముద్దాయి తరఫు వకీలు లేచి ఫిర్యాదు కాగితం చూపిస్తాడు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదే సార్."

"ఇందులో కత్తి అనే మాట ఎక్కడైనా ఉందా?"

ఆమె కాగితం వైపు చూస్తుంది. లేదు. "లేదు సార్, కానీ..." అనేలోపు వకీలు కూర్చుంటాడు. ఆయన పని అయిపోయింది. ఆమె చెప్పింది నిజమే. కానీ కాగితం రాసిపెట్టిన పెద్దమనిషి కత్తి మాట వదిలేసి, నాలుగు సెక్షన్ల నంబర్లు మాత్రం వరసగా టైపు చేశాడు. చట్టం ప్రకారం ఎఫ్‌ఐఆర్ ఒక్కదాంతోనే ఎవరికీ శిక్ష పడదు. కోర్టులో మీరు చెప్పే మాటకు అది ఊతమైనా అవుతుంది, లేదా మీ మాట మీదే దెబ్బకొట్టే ఆయుధమైనా అవుతుంది. పైగా పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. బ్రిటిష్ కాలం నుంచీ అంతే, 2024 జులై 1న వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అంతే. "పట్టుకుంటే వాడే చెప్తాడు లెండి" అని అరకొరగా రాసి ఇచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ముందు ఇది పోలీసు కేసేనా?

స్టేషన్‌కి వచ్చే కాగితాల్లో చాలాభాగం డబ్బు గొడవలే. చిట్టీ ఎత్తుకుని మిగతా కిస్తీలు కట్టలేదు, చేబదులు తీసుకుని ఇవ్వడంలేదు, ప్లాట్‌కి అడ్వాన్స్ తీసుకుని రిజిస్ట్రేషన్ చేయడంలేదు. అప్పు తీర్చకపోవడం దానికదే నేరం కాదు, అది సివిల్ కోర్టు పని. మోసం అనాలంటే డబ్బు తీసుకునే ముందే అవతలివాడి మనసులో మోసం ఉండాలి. కాబట్టి "తీసుకున్నాడు, ఇవ్వడంలేదు" అని రాస్తే కేసు నిలవదు. మీరు డబ్బు ఇవ్వకముందు అతను ఏం చెప్పాడు? ఏ కాగితం చూపించాడు? ఆ చెప్పింది అబద్ధమని మీకు ఎప్పుడు, ఎలా తెలిసింది? అదే ప్లాట్‌ని ఇంకెవరికైనా అమ్మాడా? ఫిర్యాదులో పెద్ద భాగం వీటికే ఇవ్వండి. మీరు పడ్డ బాధ రెండు వాక్యాల్లో సరిపోతుంది.

పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరాలు వేరు, మేజిస్ట్రేట్ అనుమతి ఉంటేనే దర్యాప్తు చేయగలిగేవి వేరు. మొదటి రకం నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 2013లో చెప్పింది. భార్యాభర్తల తగాదాలు, వ్యాపార లావాదేవీలు, వైద్యంలో నిర్లక్ష్యం లాంటి వాటిలో ముందు కొంత విచారణ చేసుకోవచ్చంది. కొత్త చట్టం, అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, దీనికి ఇంకోటి చేర్చింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చు. సిటీలో ఆ అనుమతి ఏసీపీ ఇస్తారు. "ఎంక్వైరీ చేస్తున్నాం" అని మీతో అంటే, ఈ 14 రోజుల లెక్కేనా అని మర్యాదగా అడగండి.

చిన్న దొంగతనాల గురించి చాలామందికి తెలియని మార్పు ఒకటుంది. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు అయితే, ఇప్పుడు పోలీసులు మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా దర్యాప్తు చేయలేరు. అందుకని విలువ రాసేచోట జాగ్రత్త. పెంచి రాయొద్దు, తగ్గించీ రాయొద్దు. బిల్లు ఉంటే జత చేయండి.

డబ్బు ఆన్‌లైన్‌లో పోతే మాత్రం కూర్చుని కాగితం రాయకండి. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకి దాటేలోపు ఆపించగలిగితేనే దొరుకుతుంది. లావాదేవీ నంబరు, సమయం, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని మాట్లాడండి. రాత తర్వాత.

రాయడం

నెలకోసారైనా ఎవరో ఒకరు పట్టుకొచ్చే రకం ఫిర్యాదు ఇలా ఉంటుంది:

"గుర్తుతెలియని దుండగులు మారణాయుధాలతో నా భార్యపై హత్యాయత్నం చేసి బంగారు ఆభరణాలు దోచుకుని పరారైనారు. కావున వారిపై కఠిన చర్యలు తీసుకుని తగు న్యాయం చేయగలరని ప్రార్థన."

ఇందులో నాకు ఏం తెలిసింది? ఎంతమంది, ఎక్కడ, ఎన్నింటికి, ఏ ఆభరణం, ఏ ఆయుధం? ఒక్కటీ లేదు. మారణాయుధం అన్నారు, అడిగితే లేదంటారు. హత్యాయత్నం అన్నారు, మెడ మీద గోటిగీత ఉంది. దాని బదులు ఆమెచేతే ఇలా రాయించాను. పేర్లు, చోట్లు మార్చాను, పద్ధతి చూడండి:

"12-03-2025 బుధవారం పొద్దున సుమారు 6 గంటల 10 నిమిషాలకు పాలప్యాకెట్లు తీసుకుని మా ఇంటికి నడిచి వస్తున్నాను. హనుమాన్ గుడి దాటి, కిరాణా దుకాణం ఇంకా పదడుగులు ఉందనగా వెనక నుంచి నల్ల బండి వచ్చింది. ఇద్దరున్నారు. నడిపేవాడు హెల్మెట్ పెట్టుకున్నాడు, మొఖం చూడలేదు. వెనక కూర్చున్నవాడికి హెల్మెట్ లేదు. వయసు 20 నుంచి 25, సన్నగా ఉన్నాడు, నీలం చొక్కా. కుడిచేత్తో నా మెడలో పుస్తెలతాడు పట్టి గుంజాడు. నేను గట్టిగా పట్టుకుంటే తాడు తెగి చిన్న ముక్క నా చేతిలో ఉండిపోయింది. మెడకి ఎడమవైపు గీరుకుపోయింది. తాడు మూడు తులాలు, రెండు పుస్తెలు. బండి నంబరులో చివర 47 మాత్రం చూశాను. నా అరుపు విని కిరాణా దుకాణం ఆయన బయటికి వచ్చాడు. నీలం చొక్కా అతన్ని మళ్లీ చూస్తే గుర్తుపడతాను. ముందు ఆస్పత్రికి వెళ్లి కట్టు కట్టించుకుని వచ్చినందున ఫిర్యాదు ఇవ్వడం 9 గంటలు అయింది."

ఈ కాగితంతో దర్యాప్తు అధికారి ఆ నిమిషమే బయల్దేరగలడు. 6.10కి ఆ దారిలో ఏ కెమెరా చూడాలో తెలుసు. సాక్షి ఎవరో తెలుసు. చేతిలో మిగిలిన ముక్క సీజ్ చేసి, రేపు మిగతా తాడు దొరికితే రెండూ పోల్చవచ్చు. "మళ్లీ చూస్తే గుర్తుపడతాను" అన్న వాక్యం ఉంది కాబట్టి గుర్తింపు పరేడ్‌కి, అంటే కొందరిని వరసగా నిలబెట్టి వాళ్లలో దొంగను చూపించమనడానికి, దారి ఉంది. గొలుసు లాగడానికి పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304 అని విడిగా సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు. ఆ నంబరు ఆమె రాయలేదు, రాయనక్కరలేదు. సెక్షన్లు పెట్టడం పోలీసుల పని, తప్పుంటే దిద్దడం కోర్టు పని. జరిగింది చెప్పడం ఒక్కటే మీ పని.

చివరి వాక్యం చూశారు కదా, ఆలస్యానికి కారణం. ఎఫ్‌ఐఆర్ ఫారంలో దానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. చాలా ఎఫ్‌ఐఆర్‌లలో ఆ గడి ఖాళీగానో, "ఆలస్యం లేదు" అనో ఉంటుంది, పైన మాత్రం రెండు రోజుల తేడా కనిపిస్తుంది. ఆలస్యంగా ఇచ్చిన ఫిర్యాదులో కల్పన చేరే ప్రమాదం ఉందని 1972లో తులియా కాళి కేసులో సుప్రీంకోర్టు అన్నప్పటి నుంచి ముద్దాయి తరఫు వకీళ్లు ముందు పట్టుకునేది దాన్నే. ఆలస్యమైతే కేసు పోతుందని కాదు, కారణం చెప్పకపోతే అనుమానం మిగులుతుందని. భయపడ్డారా, ఇంట్లో పెద్దవాళ్లు వద్దన్నారా, ఆస్పత్రిలో ఉన్నారా, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆడపిల్లల విషయంలో "పరువు పోతుందని నాలుగు రోజులు ఆగాం" అన్నది కూడా కారణమే, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీరు కళ్లారా చూసింది, ఇంకొకరు చెప్పగా విన్నది కలిపేయకండి. "మా తమ్ముడు చెప్పగా తెలిసింది" అని విడిగా రాయండి. తిట్టిన తిట్లు ముఖ్యమైతే ఆ తిట్లే రాయండి, "అసభ్య పదజాలం" అంటే కోర్టుకి ఏమీ తెలియదు. కులం పేరుతో దూషించినప్పుడు ఇది మరీ ముఖ్యం. ఎవరు, ఏ మాట, ఎవరి ఎదుట, ఏ చోట అన్నారన్నది మొదటి కాగితంలోనే ఉండాలి.

పేర్లు కలపొద్దు

ఈ సంగతి మీద నాకు పట్టుదల ఎక్కువ. గొడవలో కొట్టింది ఒకడు. ఫిర్యాదులో మాత్రం వాడి అన్న, బావమరిది, ముసలి తండ్రి, ఊళ్లో లేని చెల్లెలు అందరూ ఎక్కుతారు. "అందరి పేర్లు రాస్తే రాజీకొస్తారు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి బస్తీలో ఉంటారు. ఫిర్యాదుదారు చెవిలో ఆ మాట పడకుండా చూడటానికి నేను చాలా పాటుపడ్డాను.

ఎందుకంటే జైలంటే ఏమిటో నేను ఎస్కార్ట్ డ్యూటీల్లో చూశాను. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో 75 శాతం పైగా విచారణ ఖైదీలే. అంటే శిక్ష పడినవాళ్లు కాదు, కేసు తేలక లోపల ఉన్నవాళ్లు. ష్యూరిటీ ఇచ్చే దిక్కు లేక, జీతం సర్టిఫికెట్ ఉన్న చుట్టం లేక, బెయిల్ వచ్చినా బయటికి రాలేనివాళ్లు వాళ్లలో ఉంటారు. మీరు కోపంలో కలిపిన ఒక పేరు ఇంకో ఇంట్లో నెలల తరబడి కూలి లేకుండా చేస్తుంది. ములాఖత్ కోసం గేటు ముందు చంటిపిల్లలతో నిలబడే ఆడవాళ్లను చూసిన ఎవరూ ఆ పని చేయరు. పైగా అది మీ కేసుకే చేటు. ఊళ్లో లేని చెల్లెలి టికెట్టు కోర్టులో చూపించిన రోజున, కొట్టినవాడి మీద మీరు చెప్పిన నిజం కూడా పలచబడుతుంది. తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇస్తే న్యాయ సంహిత 217 కింద ఏడాది దాకా జైలు ఉంది.

హిమాయత్‌సాగర్‌లోని పోలీస్ అకాడమీలో శిక్షణకు వెళ్లినప్పుడు నేరశాస్త్రం క్లాసులో బెకారియా పేరు విన్నాను. 1764లోనే ఆ ఇటలీ ఆయన చెప్పిందేమిటంటే, నేరాన్ని ఆపేది శిక్ష ఎంత కఠినం అన్నది కాదు, అది ఎంత ఖాయం, ఎంత త్వరగా వస్తుంది అన్నది. స్టేషన్లో పనిచేసిన ఎవరికైనా ఈ మాట అర్థమవుతుంది. గొలుసు దొంగ సెక్షన్ పుస్తకం చదివి రాడు. దొరకనులే, దొరికినా కేసు కొట్టేస్తారులే అన్న ధీమాతో వస్తాడు. ఆ ధీమా తగ్గించేది సరిగ్గా రాసిన ఫిర్యాదు, తొందరగా చూసిన కెమెరా, కోర్టులో తడబడని సాక్షి. "ఉరి తీయాలి" అని రోడ్డు మీద అరిచేవాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ అరుపు వల్ల ఏ ముద్దాయీ దొరకడు.

అదే క్లాసులో ఇంకో మాట చెప్పారు. పేపర్లో వచ్చే నేరాల లెక్క జరిగిన నేరాల లెక్క కాదు, నమోదైన నేరాల లెక్క. ఒక ఎఫ్‌ఐఆర్‌లో మూడు నేరాలున్నా గణాంకాల్లో అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కిస్తారు. ఇవ్వని ఫిర్యాదు ఎక్కడా లెక్కకు రాదు. ఫలానా గల్లీలో తరచూ సెల్‌ఫోన్లు పోతున్నా ఎవరూ కాగితం ఇవ్వకపోతే, రికార్డు ప్రకారం ఆ గల్లీ ప్రశాంతంగా ఉన్నట్టే. అక్కడికి గస్తీ పెంచాలని ఎవరికీ తట్టదు.

స్టేషన్లో

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. ఎల్బీనగర్‌లో జరిగింది, మీరు సికింద్రాబాద్‌లో ఉన్నారు, అక్కడే ఇవ్వండి. తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, నేరం జరిగిన చోటి స్టేషన్‌కి పంపిస్తారు. ఇది నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఇప్పుడు చట్టమే. నోటితో చెప్పినా రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. తెలుగులో ఇవ్వండి, ఉర్దూలో ఇవ్వండి, మీకు ఏ భాషలో ఆలోచన వస్తే అందులో ఇవ్వండి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. లైంగిక నేరాల్లో బాధితురాలి ఫిర్యాదు మహిళా అధికారే తీసుకోవాలి. వెళ్లేటప్పుడు తోడుగా ఇంట్లోవాళ్లలో ఒక్కరు చాలు. పదిమంది వెళ్తే పదిమందీ మాట్లాడతారు, రాసేవాడికి ఎవరి మాట రాయాలో తెలియదు.

ఫిర్యాదు ఇచ్చాక చేతిలో ఒక రసీదు పెడతారు. అది పిటిషన్ ముట్టినట్టు రసీదు మాత్రమే. ఎఫ్‌ఐఆర్ అంటే నంబరు, సంవత్సరం, సెక్షన్లు, తేదీ, సమయం ఉన్న ఫారం. దాని కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి, ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు. తీసుకున్నాక అక్కడే బెంచీ మీద కూర్చుని చదవండి. ఘటన జరిగిన సమయం, మీరు స్టేషన్‌కి వచ్చిన సమయం, ఆలస్యం గడి, పోయిన వస్తువుల జాబితా, ఈ నాలుగూ మీ కాగితంతో సరిపోయాయా చూడండి. తేడా ఉంటే అప్పుడే చెప్పండి.

కేసు కట్టమంటే కట్టలేదా? అరవకండి. అదే ఫిర్యాదు కాపీ డీసీపీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే వకీలు ద్వారా అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ని ఆశ్రయించవచ్చు. అందుకే పోస్టు రసీదు పారేయొద్దు. వకీలుకి ఇచ్చే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, హెల్ప్‌లైన్ 15100. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

ఆ తర్వాత

దర్యాప్తులో మీ వాంగ్మూలం మళ్లీ రాసుకుంటారు. దాని మీద మీ సంతకం తీసుకోకూడదు, పెట్టమంటే పెట్టొద్దు. ఫిర్యాదులో మర్చిపోయింది ఏదైనా ఉంటే అప్పుడు చెప్పండి, "ఆ రోజు కంగారులో చెప్పలేదు" అని కూడా చెప్పండి. 90 రోజుల్లోపు కేసు ఎంతవరకు వచ్చిందో మీకు తెలియజేయాలని చట్టంలో ఉంది. ఫోన్ నంబరు మారితే స్టేషన్‌కి రాసి ఇవ్వండి. సమన్లు పాత అడ్రసుకి వెళ్లి, సాక్షి దొరకలేదని కొట్టేసిన కేసులు నాకు తెలుసు. దొరికిన సొత్తు స్టేషన్ మాల్‌ఖానాలో ఏళ్ల తరబడి ఉండాల్సిన పనిలేదు. కోర్టులో పిటిషన్ వేస్తే ఫొటోలు తీయించి, బాండు మీద మీకు ఇప్పిస్తారు. బండ్లయితే తొందరపడండి, ఎండకీ వానకీ పాడైపోతాయి.

కొన్నిసార్లు ఇంటికి ఒక నోటీసు వస్తుంది. ఆర్సీఎస్ నోటీసు అంటారు. ముద్దాయి ఆచూకీ దొరకలేదనో, సాక్ష్యం లేదనో, ఇది సివిల్ తగాదా అనో చెప్పి కేసు మూసేస్తున్నామని దాని సారాంశం. చాలామంది దాన్ని చదవకుండా సంతకం పెట్టి తీసుకుని బీరువాలో పడేస్తారు. అది అంతిమ తీర్పు కాదు. మూసివేత నివేదికను ఒప్పుకునే ముందు మేజిస్ట్రేట్ ఫిర్యాదుదారు మాట వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు అభ్యంతరం ఉంటే మేజిస్ట్రేట్ దగ్గర ప్రొటెస్ట్ పిటిషన్, అంటే కేసు మూయొద్దని అభ్యంతర పత్రం, వేయండి. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటీసు ముట్టిన తేదీ దాని వెనక రాసుకుని, ఎఫ్‌ఐఆర్ కాపీ, మొదటి ఫిర్యాదు జిరాక్స్ పట్టుకెళ్లండి. పోలీసులు ఏ సాక్షిని అడగలేదు, ఏ కెమెరా చూడలేదు, ఏ కాగితం తెప్పించలేదు, ఆ మూడు విడివిడిగా ఒక పేజీలో రాసి ఆయన చేతిలో పెట్టండి.